బీడీ మానినాక వచ్చిన శాంతం

సిద్దిపేటలో నా గొంతు వినకుండా పెరిగిన మనిషి లేడు. ముప్పై ఏళ్ళు మైకు పట్టుకొని ఈ పట్నమంతా నేనే తిరిగాను. టాకీసులో కొత్త బొమ్మ పడితే నేను చెప్పాలి. నల్లా నీళ్ళు రేపు రావంటే నేను చెప్పాలి. పిల్ల తప్పిపోతే నేను చెప్పాలి. నేను చెప్పేదాకా ఈ ఊళ్ళో ఏదీ జరిగినట్టు కాదు.

ఇది కొంచెం ఎక్కువ చెప్పాను. ముప్పై ఏళ్ళు కాదు, పంతొమ్మిది. పట్నమంతా కాదు, రిక్షా తొక్కేవాడు ఒప్పుకున్నంత మేర. నల్లా నీళ్ళ సంగతి చెప్పడానికి వేరే మనిషి ఉండేవాడు. పిల్ల తప్పిపోవడం నిజమే కానీ ఒక్కసారే, అదీ నేను మైకు కట్టేలోపే దొరికింది. పెంచి చెప్పడం నా అలవాటు. కాసేపాగి ఒప్పుకోవడం నా భార్య నేర్పిన అలవాటు. ఆమె చేతిలో పని ఆపి నా మొహం చూస్తుంది, అంతే.

ఆ ఆపే పని ఏమిటో కూడా చెప్పాలి. ఆమె బీడీలు చుడుతుంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. కార్ఖానాలో అప్పజెప్పేటప్పుడు వాళ్ళు పనికిరావని పక్కన పడేసిన బీడీలు ఇంటికి తెస్తుంది. అవి నేను తాగేవాణ్ణి. వంకర బీడీ అయినా పొగ తిన్నగానే వస్తుంది.

నలభై ఒకటో ఏట నాకు జబ్బు చేసింది. మైకు ఇంట్లో పెట్టి అన్నానికి కూర్చున్నాను. బయట నా గొంతే వినబడింది. సిద్దిపేట ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈయన అన్నం తింటున్నాడు. లేచి బయటికి వెళ్ళాను. సిద్దిపేట ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈయన బయటికి వచ్చాడు. వీధిలో రిక్షా లేదు, మైకు లేదు. అట్లా మూడు నెలలు నడిచింది. నేను చెప్పులు వేసుకున్నా, నీళ్ళు తాగినా, భార్య పక్కన పడుకున్నా ఊరంతటికీ నా గొంతే చాటింపు వేసేది. ఇందులో పెంచింది ఏమీ లేదు. పెంచకుండా చెప్పగలిగింది నా బతుకులో ఇదొక్కటే.

దవాఖానలో మందు మొదలుపెట్టారు. రాత్రికి ఒక మాత్ర. మైకు మా వీధి నుంచి పక్క వీధికి పోయింది, పూర్తిగా పోలేదు. కొన్నేళ్ళకు మందు మార్చారు, తర్వాత ఒకటిన్నర చేశారు, ఆ తర్వాత రెండు. రెండు మాత్రలతో అది కోమటి చెరువు అవతల ఎక్కడో పోతున్న బండిలా వినబడేది. మాటలు తెలిసేవి కావు, గొంతు నాదని మాత్రం తెలిసేది. దానితో బతకవచ్చు. ఇరవై ఎనిమిదేళ్ళు బతికాను.

మొదట్లో చూసిన డాక్టరు పెద్ద కోపిష్టి. బీడీ తాగుతావా అని అడిగాడు. ముట్టనన్నాను. కాగితం మీద రాసుకున్నాడు. నా జేబులో అప్పుడు పన్నెండు బీడీలున్నాయి. ఆయన పోయాక వచ్చిన డాక్టర్లు అందరూ అదే అడిగారు, నేను అదే చెప్పాను. పక్కన నా భార్య కూర్చునేది. ఇంటి దగ్గర నా ప్రతి అబద్ధం దగ్గరా పని ఆపే మనిషి అక్కడ మాత్రం తలవంచుకునేది. చుట్టేది తను కదా, ఆ సిగ్గు ఆమెది.

పోయిన ఎండాకాలం ముందు చాయ్ హోటల్‌లో కూర్చుని దగ్గుతుంటే మా వాడలో వెల్డింగ్ దుకాణం నడిపే ఆయన పలకరించాడు. ఏటా ఆంజనేయస్వామి మాల వేసుకొని, ఇరవై మందికి మాల వేసి కొండగట్టు తీసుకపోయే గురుస్వామి ఆయన.

"తాతా, గా బీడీ బంద్ జెయ్యరాదే. ఊపిరి ఆడక సస్తవ్," అన్నాడు.

"నేను అనుకుంటే ఇయ్యాల్నే బంద్ జేస్త."

"ఒక్కరోజు బంద్ జెయ్యి సూద్దాం."

"ఒక్కరోజేంది, నలభై ఒక్క రోజులు జేస్త. నీ మాల నాకెయ్యి."

హోటల్‌లో ఉన్నవాళ్ళంతా విన్నారు. నోరు జారితే మెల్లగా తప్పించుకొని ఇంటికి పోయే దారి నాకు తెలుసు కానీ, ఆ రోజు గురుస్వామి నా ముందే ఫోన్ తీసి మాల వేసుకునేవాళ్ళ లెక్కలో నా పేరు కలిపాడు. అట్లా నేను భక్తుణ్ణయ్యాను.

తెల్లవారుజామున చన్నీళ్ళు, సిందూరం రంగు లుంగీ, కాళ్ళకు చెప్పుల్లేవు, ఒంటిపూట భిక్ష, చాప మీద పడక. బీడీ నిషిద్ధం. మాల వేసుకున్నవాణ్ణి స్వామీ అని పిలవాలి. నా భార్య మొదటి రోజే పిలిచింది.

"స్వామీ, గా బకెట్ జరుపు."

"మర్యాదగ పిలువు."

"స్వామీ, దయవెట్టి గా బకెట్ జరుపు."

మొదటి నాలుగు రోజులు బీడీ కోసం ప్రాణం లాగింది. ఆ సంగతి అందరికీ తెలిసిందే, రాయను. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, భజన దగ్గర కూర్చున్నాను, చెరువు అవతలి బండి ఆగిపోయింది. నేను తల తిప్పి చూశాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉన్న చప్పుడు పోతే మనిషి అట్లాగే తల తిప్పుతాడు. ఏమీ లేదు. తాళాలు వినబడుతున్నాయి, చాలీసా వినబడుతున్నది, నా గొంతు లేదు.

స్వామి దయ అనుకున్నాను. ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

తర్వాత తర్వాత మిగతావి కూడా ఆగిపోతూ వచ్చాయి. ఆకలి తెలియలేదు. చన్నీళ్ళు చల్లగా అనిపించడం మానేశాయి. ఎండలో తారు రోడ్డు మీద వట్టికాళ్ళతో నడిస్తే కాలుతున్నదని తెలిసేది, తెలిసినా నేను గబగబా నడిచేవాణ్ణి కాదు. కూర్చున్నచోట కూర్చునేవాణ్ణి. పొద్దున లేస్తే చాప మీద తల పెట్టిన చోట తడి. సొంగ. లేచి నిలబడితే గోడ కొంచెం పక్కకు జరిగేది. మనుమరాలు ఫోన్‌లో ఏదో పాట పాడి వినిపించింది. వింటున్నాను, ఇది పాట అని నాకు తెలుస్తున్నది. దాని వెనక రావలసింది రాలేదు.

భజనలో కళ్ళు మూతలు పడి గంట సేపు కదలకుండా కూర్చున్నాను. గంట కాదు, ఇరవై నిమిషాలు. కళ్ళు తెరిచేసరికి నలుగురు స్వాములు నా కాళ్ళ దగ్గర కూర్చొని ఉన్నారు.

"స్వామీ, ఏం గానొచ్చింది?" అని అడిగాడు ఒకాయన.

నిజం చెప్పాలంటే ఏమీ కనబడలేదు. కానీ అడిగిన మనిషి ముందు వట్టి చేతులతో కూర్చోవడం నాకు రాదు.

"తోక," అన్నాను.

"తోకనా?"

"తోక మటుకే. దీపం పక్క నుంచి పోయింది."

ఆ మాట కూడా నాలుక మందంగా తిరిగి చెప్పాను. అందుకే నమ్మారు. మర్నాటి నుంచి వాడలో వాళ్ళు దారిలో ఆగి దండం పెట్టడం మొదలుపెట్టారు. దవాఖాన చీటీ మీద బతికే మనిషి శాంతమూర్తి అయ్యాడని చెప్పుకున్నారు. ఇంతకుముందైతే ఆ దండాలు నాకు ఒక నెల కడుపు నింపేవి. అప్పుడు వాటిని గోడమీద నీడల్లా చూశాను.

నా భార్యకు ఆ శాంతం మీద నమ్మకం కుదరలేదు.

"నువ్వు నాలుగు రోజుల సంది ఒక్క కత గుడ చెప్పలే," అన్నది.

"తోక కత చెప్పిన కద."

"గది గాల్లు అడిగితె చెప్పినవ్. నాకేం చెప్పలే."

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం ఆమె ఎప్పటిలా గడప దగ్గర కూర్చొని ఆకు కత్తిరిస్తున్నది. నేను ఎదురుగా గోడకు ఆనుకొని కూర్చున్నాను. కత్తెర జారి ఎడమచేతి వేలు తెగింది. చిన్నగా కాదు. నెత్తురు ఆకుల కట్ట మీద పడి, అక్కడి నుంచి చాటలో తంబాకు మీదికి జారింది. ఆమె వేలు గట్టిగా పట్టుకొని నా వంక చూసింది.

"పాత బట్ట అందియ్యి," అన్నది.

నేను చూశాను. నెత్తురు వస్తున్నది అనుకున్నాను. బట్ట దండెం మీద ఉన్నది అనుకున్నాను. దండెం నాలుగడుగుల దూరం. లేవాలి అనుకున్నాను. అనుకున్నవి వరుసగా వచ్చి వరుసగా పోయాయి. నేను కూర్చునే ఉన్నాను.

ఆమె తనే లేచింది. తనే పంటితో పట్టి బట్ట చింపి కట్టుకున్నది. నెత్తురంటిన ఆకులు ఏరి పక్కన పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండునని కూడా నాకు అప్పుడు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తున్నది.

మర్నాడు మంగళవారం. మా జబ్బుకు చూసే డాక్టరమ్మ మంగళవారం కూర్చుంటుంది. చిన్న వయసు, మా పెద్ద మనుమరాలి ఈడు ఉండవచ్చు. నా భార్య ఆటోలో నన్ను కూర్చోబెట్టి తీసుకపోయింది. సిందూరం లుంగీతో, మెడలో మాలతో, వట్టికాళ్ళతో పోయి ఆమె ముందు కూర్చున్నాను.

"ఎట్లున్నరు తాతా?"

"బాగున్న."

"బాగ లేడు మేడం," అన్నది నా భార్య. "పగలంత మబ్బుగ ఉంటుండు. సొంగ కారుతుంది. లేస్తె తూలుతుండు. మనిషి ఉన్నడు గని ఇంట్ల లేడు."

డాక్టరమ్మ నా చేతులు చాపించి చూసింది, నడిపించింది, బీపీ పట్టించింది.

"మందు పొరపాటున ఎక్కువేమన్న ఏసుకున్నరా?"

"నేనే చేతిలవెడ్త మేడం. రెండే," అన్నది నా భార్య.

"సిగరెట్, బీడీ, గుట్క?"

"ముట్టను," అన్నాను.

అది నిజం. ఆ గదిలో నేను ఆ మాట నిజంగా అనడం అదే మొదలు. కానీ ఎన్నో ఏళ్ళుగా అంటున్న మాటే కాబట్టి ఆమె తల ఎత్తలేదు. పాత కాగితంలో ఎట్లా ఉన్నదో అట్లాగే గీత గీసి కింది ప్రశ్నకు పోయింది. నిజం చెప్పినా అబద్ధం చెప్పినా ఆమెకు చేరింది ఒకటే.

"హైదరాబాద్‌కు రాసిస్త. తలకు స్కానింగ్ తీపియ్యాలె," అన్నది. "వయసు మీదవడ్డది కద, లోపలేమన్న తేడా ఉందేమో సూద్దాం. గిదే మందు నడవనియ్యిన్రి అప్పటిదాక."

నా భార్య నా మొహం చూసింది. వేలికి కట్టిన బట్ట ఎర్రగా మారి ఉంది. మాట్లాడితే తన చేతి బీడీల సంగతి తనే బయటపెట్టాలి. ఆ పని నాదని ఆమె ఊరుకున్నదో, సిగ్గుపడి ఊరుకున్నదో ఇప్పటికీ అడగలేదు.

నాకు లోపల ఒక లెక్క నడిచింది. బీడీ మానినందుకే ఇట్లా అయిందేమో అని నాకు నాలుగైదు రోజులుగా అనుమానం. మారిందల్లా అదొక్కటే కదా. చెప్తే మందు కదిలిస్తారు. మందు కదిలితే చెరువు అవతలి బండి మళ్ళీ మా వీధికి వస్తుంది. చెప్పకపోతే ఈ మౌనం నాకే ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళు అడిగిన మౌనం. దండాలతో సహా.

భార్య మీద ప్రేమతో చెప్పానని రాయాలని ఉంది. చదివేవాళ్ళకు కూడా బాగుంటుంది. కానీ ప్రేమ అప్పుడు నా చెయ్యి అందే జాగాలో లేదు. రేపు ఆమె పొయ్యి మీద పడ్డా నేను చూస్తూ కూర్చుంటాను అని తెలిసింది. భయం లేకుండా, బాధ లేకుండా, కూడికలా తెలిసింది. అందుకే చెప్పాను.

"మేడం, గా మాట అబద్ధం."

"ఏ మాట?"

"బీడీ ముట్టననేది."

"అంటే తాగుతున్నరా?"

"లేదు. మాలేసుకున్న కాడ్నించి ముట్టలే."

"మరి అబద్ధమేంది తాతా?"

"ఇయ్యాల చెప్పింది నిజం. ఇన్నేండ్ల సంది చెప్పింది అబద్ధం."

ఆమె కలం కింద పెట్టింది.

"ఎన్ని తాగెటోల్లు దినాం?"

"నూరు," అన్నాను.

"నలభై," అన్నది నా భార్య.

"సక్కగ చెప్పున్రి," అన్నది డాక్టరమ్మ. "ఈడ పెంచొద్దు, తగ్గియ్యొద్దు. గీ లెక్క మీదనే మీ మందు లెక్క."

నా అతిశయం వల్ల ఎవరికైనా నష్టం ఉంటుందని నాకు తోచిన సందర్భాలు తక్కువ. "నలభై," అన్నాను. "పెండ్లిల్ల, పండుగల్ల యాభై."

అప్పుడు ఆమె కుర్చీ మా వైపు తిప్పి, నా భార్యకు అర్థమయ్యేట్టు చెప్పింది. పొగ లోపలికి పోతే కార్జం, అంటే కాలేయం, పని జోరెక్కుతుందట. మేమిచ్చిన మాత్రను అది తొందరగా ఖతం చేసేస్తుంది, అందుకే మీకు మందు చాలలేదు, చాలలేదని మేం పెంచుకుంట వచ్చినం, అన్నది. ఇప్పుడు పొగ ఆగింది. వారం, పది రోజుల్లో కార్జం నెమ్మదైంది. నలభై బీడీల మనిషికని రాసిన మందు బీడీ లేని మనిషి ఒంట్లో నిలిచిపోతున్నది. మాత్రలు రెండే, ఒంటికి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ పడుతున్నట్టు. అన్ని మందులకు ఇట్లా కాదు, నేను వేసుకునేదానికి అవుతుంది.

"తంబాకు నమిలితెనో?" అని అడిగాను.

"నమిలితె గిట్ల గాదు. గిది పొగ చేసే పని. అట్లని నమలమంటలే."

"అంటే మేడం, గిది స్వామి దయ గాదా?"

ఆమె నా మాల వంక చూసింది. "బీడీ మాన్పిచ్చింది స్వామేనేమో. నిద్ర మటుకు నా చీటీదే."

స్కానింగ్ కాగితం పక్కన పెట్టింది. రక్తపరీక్ష ఒకటి రాసింది. రెండు మాత్రలు ఒకటిన్నర చేసింది, రెండు వారాలకు రమ్మన్నది. మా అంతట మేం తగ్గించవద్దని, ఒక్కసారే బంద్ చేయవద్దని నా భార్యకు రెండుసార్లు చెప్పింది.

"మళ్ళ బీడీ ముట్టిస్తె నాకు చెప్పాలె. కోపం జెయ్య. చెప్పకపోతె మందు చాలక పాత జబ్బు తిరగవడతది. ఏమన్న వినొచ్చినా చెప్పాలె."

తర్వాత నా భార్య వేలు చూసి, కట్టు ఎవరు కట్టారని అడిగింది. నా భార్య తనే కట్టుకున్నానన్నది. సూది వేయించుకొమ్మని ఆమెకు కూడా ఒక చీటీ రాసింది. నేను గోడ మీది బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం భజన దగ్గర గురుస్వామిని పక్కకు పిలిచాను.

"స్వామీ, తోక లేదు. కునుకు వట్టింది."

"ఎరుకే స్వామీ," అన్నాడు ఆయన. "గుర్రు వెట్టినవ్."

"మరి అందరు దండాలు వెడుతుంటె ఊకున్నవేంది?"

"వెట్టనియ్యి. నీకు గాదు గద, మాలకు వెట్టిన్రు."

కొండగట్టు పోయి మాల తీసేనాటికి ఒకటిన్నర మాత్ర మీద ఉన్నాను. మబ్బు కొంచెం పలచబడింది. బస్సులో సగం దారి మెలకువతో కూర్చున్నాను. కొండ దిగుతుంటే ఎవరో బీడీ కట్ట చాపారు, తీసుకోలేదు. భక్తి అని కాదు, మళ్ళీ లెక్క మొదటికి వస్తుందని. తర్వాతి నెలలో డాక్టరమ్మ ఒక మాత్రకు దించింది. సొంగ ఆగింది. అన్నంలో ఉప్పు తెలిసింది. అయినా పాట వింటే దాని వెనకాల రావలసింది ఇంకా పూర్తిగా రాలేదు. ఇందులో మందు ఎంతో, అరవై తొమ్మిదేళ్ళు ఎంతో నాకు తెలియదు. నా భార్య వేలి మీద మచ్చ పడింది. చూస్తే ఏదో కదులుతుంది, దూరంగా.

ఒక మాత్రకు వచ్చిన మూడో వారం, పొద్దున స్నానం చేస్తున్నాను. చెంబు ఎత్తాను. సిద్దిపేట ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈయన నీళ్ళు పోసుకుంటున్నాడు.

చెంబు అట్లాగే పట్టుకొని నిలబడ్డాను. మళ్ళీ రాలేదు. తుడుచుకొని బయటికి వచ్చాను. చెప్తే మళ్ళీ పెంచుతారు, ఆ గోడకు ఆనుకొని కూర్చునే మనిషిని మళ్ళీ తెచ్చి నాలో పెడతారు. చెప్పకపోతే అది రేపు పక్క వీధికి, ఎల్లుండి మా ఇంట్లోకి వస్తుంది. నేను అబద్ధం ఆడనక్కర కూడా లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు ఇప్పుడు బాగా వచ్చు.

నా భార్య పొయ్యి దగ్గర ఉంది. "ఏమన్న వినొచ్చిందా?" అని అడిగింది. రోజూ అడుగుతుంది, పళ్ళు తోమావా అన్నట్టు.

"లేదు," అన్నాను.

ఆమె గిన్నె దించింది. మసిగుడ్డ పట్టుకొని నిలబడింది.

"వొచ్చింది," అన్నాను. "తానం కాడ. ఒకసారి."

"ఏమన్నది?"

"నీళ్ళు వోసుకుంటుండు అన్నది."

"గంతేనా?"

"గంతే."

మంగళవారం దాకా ఆగలేదు. ఆ పూటే పోయాం. డాక్టరమ్మ వార్డులో ఉంటే గంట సేపు ఎదురుచూశాం. వచ్చి నిలబడే అడిగింది.

"ఎన్నిసార్లు?"

మూడుసార్లు అంటే నన్ను ఎక్కువ చూస్తుంది. లేదంటే ఇంటికి పంపుతుంది. "ఒకటే సారి," అన్నాను.

"బీడీ ముట్టినరా?"

"లేదు."

ఆమె నా భార్య వంక చూసింది. నా భార్య తల ఊపింది. డాక్టరమ్మ నిలబడే ఆలోచించింది.

"పెంచుత లేను. తగ్గిస్త లేను. గీడనే ఆపుదాం," అన్నది. "వారం కాంగనే మళ్ళ రాన్రి. వినొస్తె వినొచ్చింది, రాకపోతె రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పున్రి."

చీటీ తీసుకొని బయటికి వచ్చాం. మందులిచ్చే కిటికీ ఇంకా తెరవలేదు. ముందు ఏడుగురు ఉన్నారు. నేను లెక్కపెట్టాను, ఏడుగురే. వాళ్ళ వెనక బల్ల మీద జాగా దొరికితే ఇద్దరం కూర్చున్నాం.